ఇద్దరికీ జూన్ ఒకటే

ఏప్రిల్ 19
పెళ్లై ఇవాళ్టికి డెబ్బై రెండు రోజులు. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. జూన్ ఒకటిన షిప్ ఎక్కాలి. ఫోర్త్ ఇంజినీర్‌గా, ఆరు నెలలు. కాదంటే జాబితాలోంచి పేరు తీసేస్తారట. గంతేయాలనిపించింది. ఎదురుగా అత్తయ్య, పడిపోయిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో బఠాణీలు వలుస్తోంది. మా పెళ్లైన మూడోవారంలో పక్షవాతం వచ్చింది ఆమెకు. గంతేయలేదు.

ఏప్రిల్ 20
మా ఆయన కట్టుడు పళ్లు చేసే ల్యాబ్ నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే చెప్పేశాడు. సీటొచ్చిందట. సిలికాన్‌తో చెవులు, ముక్కులు చేయడం నేర్పే కోర్సు. కాలిపోయిన ముఖాలకి, కేన్సర్ తినేసిన ముఖాలకి. మూడేళ్లుగా అప్లై చేస్తున్నాడు. వేరే ఊళ్లో, ఆరు నెలలు. ఎప్పట్నుంచి అనడిగాను. జూన్ ఒకటి అన్నాడు.
నా సంగతి భోజనాలయ్యాక చెప్పాను. ఇద్దరం చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉన్నాం. ఉన్నవి నాలుగే గిన్నెలు.

ఏప్రిల్ 27
అత్తయ్యని చూసుకోవడానికని ఏజెన్సీ పంపిన మనిషిని ఆమె రెండో రోజే పంపించేసింది. బయటివాళ్ల చేత స్నానం చేయించుకోనంది. ఆడపడుచుకి ఫోన్ చేశాం. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, అమ్మనెలా ఎక్కించను అంది. నిజమే. అక్కడితో ఆగితే బాగుండేది. తమ్ముడంటే సరే, కొత్త కోడలు ఓడలెక్కి తిరగడమేంటి అంది. మా ఆయన ఏమైనా అంటాడేమోనని చూశాను. ఛార్జర్ వెతుక్కుంటున్నాడు.

మే 6
పోట్లాట. ఏడాదికి ఆరు నెలలు సముద్రం మీద ఉంటానని పెళ్లికి ముందే చెప్పానన్నాను. అప్పుడు అమ్మ బాగుంది కదా అన్నాడు. అంటే నాకిచ్చిన మాట అమ్మ ఆరోగ్యాన్ని బట్టా అన్నాను. ముఖం మాడ్చుకుని లేచి వెళ్లిపోయాడు.

మే 9
ఉప్పు కూడా నన్నడక్కుండా తనే లేచి వెళ్లి తెచ్చుకుంటున్నాడు.

మే 14
అత్తయ్య మాట ఇంకా ముద్దముద్దగానే వస్తుంది. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ పొండి, నేనేమన్నా పసిపిల్లనా, కావాలంటే రేపు ఒక్కదాన్నీ వదిలి చూడండి అంది. సరే అన్నాం. సిగ్గు లేకుండా వెంటనే అన్నాం.

మే 15, సాయంత్రం 5
నాలుగింటికి నేను ముందు వచ్చాను. అత్తయ్య బాత్రూమ్ నేల మీద పడి ఉంది. పదకొండింటి నుంచీ అలాగే ఉందట. దెబ్బలేం తగల్లేదు. వాడికి చెప్పకమ్మా, మీరిద్దరూ వెళ్లండి అని నా చెయ్యి పట్టుకుంది. తను రాగానే చెప్పేశాను.

మే 16
తను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కోర్సువాళ్లకి రాశాడు. ఇంటి పరిస్థితుల వల్ల చేరలేకపోతున్నానని. చదవమని నావైపు తిప్పాడు. ఒకచోట అక్షరం తప్పుంటే చెప్పాను. దిద్దాడు. పంపేముందు ఆగాడు. నేనేమైనా అంటానేమోనని. అనాల్సింది. అనలేదు. పంపేశాడు.

మే 31
సూట్‌కేసు తనే సర్దాడు. అత్తయ్య నా తల నిమిరి, ఇంజిన్ దగ్గర చెయ్యి కాల్చుకోకు అంది. తను గుమ్మం దాకానే వచ్చాడు. అమ్మని ఒక్కదాన్నీ వదలకూడదు కదా అన్నాడు. కారు గుమ్మం ముందే ఉంది.

ఆగస్టు 22, డ్యూటీ దిగాక
ఇంజిన్ రూమ్‌లో నలభై నాలుగు డిగ్రీలు. జనరేటర్ మొత్తం విప్పి బిగించాం. నా చేత్తో స్టార్ట్ చేశాను. పుట్టాక ఇంత సంతోషం ఎరగను. అది రాసుకోవడానిక్కూడా సిగ్గేస్తోంది.
ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచిందట. జనవరి బ్యాచ్‌లో చేరతారా అని కోర్సువాళ్లు రాశారట. ఏమన్నావు అంటే, చూద్దాంలే అన్నాడు. ఇంకా అడగాలంటే ధైర్యం చాల్లేదు.

నవంబర్ 18
చీఫ్ ఇంజినీర్ పిలిచాడు. ఇంకో నాలుగు నెలలుంటే థర్డ్ ఇంజినీర్‌ని చేస్తామన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. జనవరిలో మా ఆయన వెళ్లాలి, ఇంట్లో నేనుండాలి అన్నాను.
తనకింకా చెప్పలేదు. నమ్ముతాడో లేదో.