నక్క వీపున ఆకురాయి గీతలు

డడ్లీ,
ఆదివారం

చిరంజీవి హెస్టర్‌ను నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ, పిల్లీ, నా మోకాలి నొప్పీ కులాసా. కార్డిఫ్‌లో వానలు తగ్గాయా, నీ దగ్గు తగ్గిందా?

"వన్ ఆఫ్" అంటే ఏమిటి, ఎక్కడ పుట్టింది అని అడిగావు. నీ క్లెమెంట్ నిన్ను ఆ మాట అన్నాడని మురిసిపోతూ రాశావు. అది మా ఇనుప పోత పనివాళ్ల మాటే. డ్రాయింగు మీద ఎన్ని పోతలు తీయాలో అంకె వేసి పక్కన "ఆఫ్" అని రాస్తారు. ఆరు ఆఫ్, ఇరవై ఆఫ్. ఒక్కటే అయితే వన్ ఆఫ్. దానికి ఇసుకలో అచ్చు తీయడానికి నేను నాసిరకం చెక్కతో నమూనా చేస్తాను. పోత దిగగానే అది పొయ్యిలోకి పోతుంది. మళ్లీ పోయాల్సిందయితే మంచి చెక్క వాడి, రంగు వేసి, నెంబరు బిగిస్తాం. ఆ నెంబరు ప్రతి పోత వీపునా పడుతుంది.

పెళ్లికి నా మాట కోసం చూస్తున్నావని తెలుసు. ఎందుకు ఆలస్యం చేశానో చెబుతాను. తలుపు తట్టడానికి బిగించే ఆ ఇనుప నక్క తలను ఈస్టర్‌కి తెచ్చి చూపించావు కదా, నీకోసమే పోయించాడనీ, లోకంలో మరొకటి లేదనీ. దాన్ని తిప్పి చూశాను. వీపున ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి. నెంబరు చెరిపేశాడు. ఇంకెంతమంది ఆడపిల్లల తలుపులకు ఇలాంటివి బిగించాడో అని అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

నీకు చెప్పకుండా నిన్న టిప్టన్‌లో అతను పెరిగిన వీధికి వెళ్లాను, నలుగురినీ వాకబు చేద్దామని. ఒక తలుపు మీద అదే నక్క కనిపించింది. ఒళ్లు మండి దానితోనే బాదాను. పిండి చేతులతో ఒక పెద్దావిడ వచ్చింది.

"తలుపు విరగ్గొడతావా ఏంటయ్యా?"

"ఈ నక్క ఎవరిచ్చారమ్మా?"

"మా క్లెమెంట్. రెండు పోయించాడు. నాకోటి, వాడు చేసుకోబోయే పిల్లకోటి. ఆ పిల్లకి మటుకు ఒకటేనని చెప్పాడంట, వెధవ. వాళ్ల నాన్న ఉత్త అనుమానం మనిషంట. టీ తాగుతావా?"

తాగాను. నేనెవరో చెప్పలేదు.

రెండింటిని ఒకటన్నవాడి మీద నాకింకా అనుమానమే. కానీ రెండోది అమ్మ తలుపుకి బిగించాడు. పెళ్లికి నా అడ్డు లేదు. నా మీద విసుక్కోకు తల్లీ. నిన్ను కని మీ అమ్మ వెళ్లిపోయింది. నాకు నువ్వొక్కదానివే, మళ్లీ పోయడానికి నమూనా లేదు.

ఇట్లు,
ఆ అనుమానం మనిషి,
మీ నాన్న ఈనక్