తయారు చేసినవారి పేరు

మాచర్ల,
9 మార్చి 2025, ఆదివారం.

హన్నమ్మకు,

మాచర్ల నుంచి నీ పరమేశ్వరక్క దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. గురజాలలో నువ్వూ, నీ కూతురు చిన్నారీ, అల్లుడు ఐజాకూ మీ ప్రభువు దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అని రాశాను గానీ, ఉత్తరం అన్నాక అలా రాయాలి కాబట్టి రాసిన మాట అది. నేను బాగా లేను. ఇరవైసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎత్తవని తెలిసీ చేశాను. రోజూ బైబిలు చదివే మనిషివి, ఉత్తరమైతే చించేముందు ఒక్కసారన్నా చదువుతావని ఇది మొదలుపెట్టాను.

ఢిల్లీ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. మన పండుమిరప కొరివికారం ఓడిపోయింది. చివరిదాకా వచ్చిన పదిమందిలో నాది పదో స్థానం. బహుమతి రాలేదని ఏడుపు కాదు నాది. ఎందుకు ఏడుస్తున్నానో చెప్పడానికి నువ్వొక్కదానివే ఉన్నావు, నువ్వేమో లేవు.

అక్టోబరులో మా కోడలు హిమజ ఫోన్‌లో ఆ పోటీ చూపించిన రోజు నీకు గుర్తుందా? దేశం మొత్తానికీ తినే సరుకుల పోటీ అంది. పచ్చళ్లు, పొడులు, మిఠాయిలు, చిరుతిళ్లు అని ఎన్ని విభాగాలో. పచ్చళ్లలో మళ్లీ నూనెవి వేరు, నూనె లేనివి వేరు. మన కొరివికారానికి తినేటప్పుడే కదా తాలింపు, మరి దాన్ని ఎందులో పెట్టాలని అత్తాకోడళ్లం గంటసేపు పోట్లాడుకున్నాం. నువ్వు చింతపండు ఈనెలు తీస్తూ, ఏందక్కా, పచ్చడిక్కూడా పరీక్షలేనా, హాల్ టికెట్ ఇస్తారా ఏంది, అని పకపకా నవ్వావు. నువ్వలా పకపకా నవ్వగా నేను విన్నది అదే ఆఖరు.

ఒకే జాడీలోంచి తీసిన మూడు సీసాలు పంపాలి. సీసా మీద పేరు ఉండకూడదు. ఫారంలో మాత్రం చేసినవారి పేరు ఉండాలి. ఎంపికైతే ఆ పేరుగల మనిషే వచ్చి న్యాయనిర్ణేతల ముందు దంచి చూపాలి. వేసే దినుసులన్నీ గ్రాముల్లో రాయాలి. ఉప్పెంత అని హిమజ నిన్నడిగితే, ఎంతేందమ్మా, కాయను బట్టి, నా గుప్పిట బట్టి, అన్నావు. కాయే లేని కాలంలో కాయ ఉన్నట్టు ఊహించుకొని నువ్వు గుప్పిట్లోకి తీసిన ఉప్పును ఆ పిల్ల తూకం వేసింది. కిలో కాయకు రెండువందల గ్రాములని రాసుకుంది.

జనవరిలో ఎంపికయ్యామని కబురొచ్చింది. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో కన్యకాపరమేశ్వరి చేతి కొరివికారం అని నా ఫోటోతో సహా వేశారు. నువ్వు ఆ ముక్క కత్తిరించి పెద్దజాడీ వాసెన గుడ్డ మీద పెట్టి వెళ్లిపోయావు. ఇరవై రెండేళ్లు మా పచ్చళ్ల కొట్లో నలుగురి ముందు అమ్మగారూ అనీ, వంటింట్లో అక్కా అనీ పిలిచినదానివి. ఆ రోజు ఏ పిలుపూ లేకుండా గురజాల బస్సెక్కావు.

నా పేరు ఎందుకు పడిందో చెబుతాను విను. కొట్టు లైసెన్సు నా పేర ఉంది. గడువు దగ్గర పడిందని తొందరలో హిమజ అదే ఎక్కించేసింది. పోనీ మారుద్దామంటే, ఒకసారి పంపాక పేరు మార్చకూడదని నిబంధన. వాళ్ల నిబంధనలు వాళ్లవి, నేనేం చేయగలను చెప్పు.

వెళ్లేముందు అలవాటు కోసం ఇంట్లో రెండుసార్లు దంచాను. మొదటిది ఉప్పుకషాయం. రెండోది మూడోనాడు జాడీ తెరిస్తే తెల్లగా బూజు. పెరట్లో గొయ్యి తవ్వి, ఎవరూ చూడకుండా పూడ్చాను. అయినా వెళ్లాను. పేపర్లో పడ్డాక వెళ్లకపోతే బజారులో తలెత్తుకు తిరగలేననిపించింది.

వెల్దుర్తి కాయలు బుట్టలో పెట్టుకొని హిమజా నేనూ రైలెక్కాం. దిగేసరికి సగం వాడిపోయాయి. పెద్ద హాలు, పది బల్లలు, ఒక్కో బల్ల దగ్గరా ఒక రోలు. ఫారంలో ఉన్నట్టే గ్రాము తేడా లేకుండా ఉప్పు తూచి వేశాను. తెల్లగడ్డం న్యాయనిర్ణేత ఒకాయన వచ్చి, కాయ వాడి నీరు తగ్గింది కదా, ఉప్పు తగ్గించలేదేం అని అడిగారట. హిమజ తెలుగులో చెప్పింది. ఫారంలో అంతే ఉందండీ అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెంచా ఇచ్చి, రుచి చూసి మీరే సరిచేయండి అన్నారు.

హన్నమ్మా, ఆ చెంచా పట్టుకొని నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నువ్వు మా ఇంట్లో కాలుపెట్టిన మొదటిరోజే చెప్పాను కదా, జాడీ పచ్చడికి ఎంగిలి తగలకూడదు, చేసేటప్పుడు నాలుక మీద పెట్టుకోవద్దు అని. మా అత్తగారు నాకు చెప్పిన మాట అది. నీకు చెప్పేటప్పుడు గొంతు ఇంకాస్త గట్టిగా చేశాను. ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నాలుక వద్దన్నానని దంచిన కాయను గుప్పిట్లో పిండి, వేళ్ల సందుల్లో రసం ఎలా దిగుతుందో చూసి, వాసన చూసి ఉప్పు వేయడం నేర్చుకున్నావు. అదంతా నీ అంతట నువ్వే నేర్చుకున్నావని అక్కడ చెంచా పట్టుకున్నప్పుడే నాకు తట్టింది. అన్నేళ్లూ నేను నీ పక్కనే కూర్చుని తొడిమలు తీస్తూ, ఒక్కసారి కూడా నీ గుప్పిట వంక చూడలేదు.

నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా, కారంగా, చేదుగా ఉంది. మొదటిరోజు దంపుడు అలాగే ఉండాలో, ఉండకూడదో నాకేం తెలుసు? పుట్టి బుద్ధెరిగాక తిన్నది లేదు. ఏమీ కలపకుండా చెంచా కింద పెట్టేశాను. హిమజ ముఖం అటు తిప్పుకుంది. ఇంట్లో ఇప్పటికీ ముక్తసరి జవాబులే.

వెల్దుర్తి పండుకాయ ఇంకో పదిహేను రోజులు వస్తుంది. ఆ తర్వాత దంచుదామన్నా కాయ ఉండదు. జాడీలు కడిగి బోర్లించాను. ఎవరైనా వచ్చి కొరివికారం ఎప్పుడండీ అంటే లోపలికి వెళ్లిపోతున్నాను. నువ్వు రా. వస్తే సీసా మీద నీ పేరు వేయిస్తానని రాయబోయి ఆగాను. నీ పేరు చూస్తే మా వాళ్లు కొంటారా, మానేస్తారా అని ఈ పూట కూడా లోలోపల బేరీజు వేసుకుంటున్నదాన్ని. ఇలాంటి మనిషి దగ్గరికి నువ్వెందుకు వస్తావు? రావు. నీ చోట నేనున్నా రాను. అయినా రమ్మనే రాస్తున్నాను, ఇంకేం రాయాలో తెలియక.

చిన్నారిని అడిగానని చెప్పు. మోకాళ్లకు నూనె రాసుకోవడం మానకు.

ఇట్లు,
నీ అక్క,
పరమేశ్వరి.

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన రాసిన నిబంధన అబద్ధం. అక్టోబరులో హిమజ ఫారంలో చేసినవారి గడిలో నీ పేరే టైపు చేసింది. దగ్గర కూర్చుని చెరిపించింది నేను. పేరు మార్చకూడదనీ వాళ్లు అనలేదు. పోటీ రోజు పొద్దున బల్ల దగ్గర అమ్మాయి కాగితం ముందుపెట్టి, చేసేది వేరేవాళ్లయితే ఇప్పుడైనా పేరు రాయండి, ఆమె రాలేకపోతే మేమే ఆమె ఊరికి వచ్చి చూస్తాం, అంది. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగింది. రెండోసారి హిమజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకొని మరీ చెప్పాను, మా ఇంట్లో పచ్చడి చేసేది నేనొక్కదాన్నే అని.