మూలగదిలో గుమ్మడి హల్వా

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం.

నన్ను చంకన వేసుకుని పెంచిన వదినకు, నీ మరిది తవుడు దణ్ణం పెట్టి రాసేది.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, అన్నయ్య, బుజ్జి, మొన్న ఈనిన గేదె, దాని దూడ, అందరూ బాగున్నారని తలుస్తాను. అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గకపోతే పాలకొండ తీసుకెళ్లి చూపించు, ఆయన మాట వినకు. బుజ్జి లెక్కల పరీక్ష ఎలా రాసింది? నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకి తింటున్నాను. నువ్వు నమ్మవని తెలుసు, అయినా తింటున్నాను.

పని అలవాటైంది. స్టీల్‌ప్లాంట్‌లో బొగ్గు మోసే బెల్టు దగ్గర కాంట్రాక్టరు కింద చేస్తున్నానని రాశాను కదా, అదే పని. ఈ రెండు నెలలూ రాత్రి షిఫ్టే. పొద్దున్న ఏడింటికి బస్సు దిగేసరికి కళ్లు తప్ప ఒళ్లంతా నలుపే. రెండు బకెట్ల నీళ్లు పోసుకుంటే గానీ నేను నాకే దొరకను. చలికాలం అంటారు గానీ ఇక్కడ చలి లేదు, తెల్లారుజామున కాస్త చల్లగాలి, పదింటికల్లా ఉక్కపోత. కూర వండుకుంటున్నాను. నా పప్పు ఇప్పుడు పప్పులాగే ఉంటోంది.

నీ తమ్ముడి చేత పంపిన గుమ్మడికాయ ఏమైందని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ మాట దాటేశాను. ఈసారి అంతా రాస్తాను. కానీ ముందు నీ దగ్గర దాచిన సంగతి ఒకటి చెప్పాలి. ఈ ముక్క అన్నయ్యకి చదివి వినిపించకు.

నన్ను గది ఖాళీ చెయ్యమన్నారు వదినా.

తప్పు నాదే. నేనుండేది వరసగా ఆరు గదులున్న లైనిల్లు. మిగతా అయిదింటిలోనూ సంసారాలే. నా గది చిట్టచివర, కుళాయి పక్కన. పగలు మగాళ్లంతా పనుల్లోకి పోతారు, ఆడవాళ్లంతా కుళాయి దగ్గర చేరతారు, వాళ్ల మధ్య తలుపేసుకుని పడుకునేది నేనొక్కణ్ణే. బిందెల మోత, బట్టలు బాదే మోత, పైగా కబుర్లు. ఒకరోజు ఓర్చుకోలేక తలుపు తీసి, ఒంటిమీద తువ్వాలుతోనే, "మనుషులు తొంగోవద్దా ఇక్కడ!" అని అరిచాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, పొలం గట్టు మీంచి పిలిస్తే ఊళ్లో వినపడేది. కుళాయి కట్టేసి అందరూ లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం ఇంటావిడ వచ్చింది. పార్వతమ్మ గారు. అందరూ మామ్మగారనే అంటారు. "నెలాఖరుకి గది ఖాళీ సేసీ బాబూ. ఆడోళ్లు మసిలే సోటు ఇది. పెళ్లికాని కుర్రోడికి ఇవ్వడం నాను సేసిన తప్పు," అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బతిమాలుకునేవాణ్ణేమో.

వేరే గది కోసం తిరిగాను. ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న, "ఫ్యామిలీ ఉందా?" లేదంటే రెండో ప్రశ్నే ఉండదు. గది దొరక్కపోతే పని ఒదిలేసి ఊరికి రావాలి. నన్ను ఇక్కడికి పంపడానికి నువ్వు అన్నయ్యతో ఎన్ని రోజులు పోట్లాడావో నాకు తెలుసు. మూటతో గుమ్మంలో దిగితే నిన్ను ఆయన ఏమంటాడో కూడా తెలుసు. అందుకే రాయలేదు. నాలుగు నెలల్లో ఈ లైనులో నా పేరు అడిగినవాళ్లు లేరు వదినా, మూలగది కుర్రోడు అంతే. నీ గుమ్మడికాయ మంచం కింద పెట్టుకున్నాను. కోస్తే అయిపోతుందని కోయలేదు. షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటే చెయ్యి కిందకి వేలాడేసి దాన్ని ముట్టుకునేవాణ్ణి. నవ్వుకో, ఫరవాలేదు.

ఇంక నెలాఖరుకి ఎనిమిది రోజులుందనగా, నిద్ర పట్టిన గంటకి ఎవరో తలుపు దబదబా బాదారు.

"ఓ బాబూ! లెగు, బేగి రా!"

తీస్తే నూకరత్నం. నా పక్క గది ఆవిడ. మొగుడు ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేస్తాడు, వేటకి వెళితే పదేసి రోజులు రాడు. ఆవిడ వెనక మామ్మగారు, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్లు నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను.

"నానేటీ అన్లేదండీ ఈయేళ! తొంగున్నాను. నెలాఖరుకింకా ఎనిమిది రోజులున్నాది గదండీ!"

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మగారు మాత్రం నవ్వలేదు. "నీకు పెళ్లి కానేదు గదా?" అని అడిగింది.

"కానేదండీ."

"నిజంగా కానేదు గదా? ఊళ్లో ఎవుర్నీ దాసీనేదు గదా?"

"కానేదండీ. అందుకే గదా గది ఖాళీ సెయ్యమన్నారు!"

అప్పుడు అందరూ నవ్వారు. సంగతి ఏమిటంటే, ముందురోజు మామ్మగారి కూతురు పురిటికి వచ్చింది. ఏడో నెల. అల్లుడు ఎలమంచిలిలో బట్టల కొట్టులో గుమస్తా, దిగబెట్టడానికి తనూ వచ్చాడు. ఆ పిల్లకి నోటికి ఏదీ సయించడం లేదట, తిన్నది తిన్నట్టు కక్కేస్తోందట. మూడు రోజులుగా ఒకటే మాట, గుమ్మడికాయ హల్వా తింటానని. మామ్మగారు కాయ తెప్పించింది. తెప్పించాక కోసేదెవరు? నిండు గుమ్మడికాయకి ఆడవాళ్లు మొదటి కత్తి పెట్టకూడదు కదా. మగాళ్లందరూ డ్యూటీల్లో ఉన్నారు, నూకరత్నం మొగుడు సముద్రంలో ఉన్నాడు. అల్లుడు పాపం, "నానే కోసెత్తాను, ఇటియ్యండి," అని కత్తి అందుకున్నాడట. మామ్మగారు ఇల్లదిరేలా అరిచిందట. "ఆగు నాయినా! కత్తి కింద ఎట్టీ! కడుపుతో ఉన్నదాని మొగుడివి, గుమ్మడికాయ కోత్తావేటి?"

నాకు మన ఇల్లే గుర్తొచ్చింది. బుజ్జి నీ కడుపులో ఉన్నప్పుడు అన్నయ్య కొబ్బరికాయ కూడా కొట్టలేదు, పదేళ్లవాణ్ణి నేనే అన్నీ కొట్టేవాణ్ణి. మొదటిది కొట్టి వేలు నలగ్గొట్టుకున్నాను కూడా. ఈ పట్టింపులు నిజమో అబద్ధమో నాకు తెలీదు గానీ, ఆరు గదుల లైనులో ఆ పూట గుమ్మడికాయ కోయడానికి పనికొచ్చే మగాడు, పెళ్లికానివాడు, నేనొక్కణ్ణే తేలాను.

మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని (ఈసారి మరిచిపోలేదు) మామ్మగారింటికి వెళ్లాను. ఆ పిల్ల గోడకి చారబడి కూర్చుని ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. అల్లుడు మూల నించుని చేతులు కట్టుకున్నాడు. నేను దణ్ణం పెట్టుకుని ఒక్క వేటు వేశాను. కాయ రెండు చెక్కలైంది.

లోపల తెల్లగా, నీళ్లోడుతూ, ఒక పక్క కుళ్లు.

మామ్మగారి మొహం చూడలేకపోయాను. కాయ కుళ్లిందన్నది కాదు వదినా, కూతురు కడుపుతో ఉండగా కోసిన కాయ అలా ఉంటే తల్లి మనసు ఎక్కడికి పోతుందో నీకు వేరే చెప్పాలా? ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లేతకాయ తెచ్చి తడిలో ఎట్టినారు, అంతే. ఉండండి," అని పరుగెత్తాను. మంచం కిందనుంచి నీ కాయ లాక్కొచ్చాను. దాన్ని చూసి నూకరత్నం, "ఓలమ్మా, ఏటీ కాయ! ఇంటిలో ఎట్టుకుని సెప్పవేటి?" అంది. కోశాను. ఎర్రటి బంగారంలా ఉంది లోపల. మామ్మగారు చెక్కని ముట్టుకుని కళ్లకద్దుకుంది.

అక్కడితో నా పని అయిపోయింది, వెళ్లి పడుకోవాలి. కానీ వాళ్లు వండే తీరు చూసి కాలు కదల్లేదు. తురమడం వరకు బాగానే తురిమారు. నెయ్యిలో వేయించారు, అదీ బాగుంది. ఇంకా పచ్చి వాసన పోనేలేదు, నూకరత్నం అనకాపల్లి బెల్లం దంచి పళ్లెంతో పైకెత్తింది.

"ఆగండి!" అన్నాను.

అదే గొంతు వదినా. నన్ను గదిలోంచి వెళ్లగొట్టిన గొంతు. అందరూ బిగుసుకుపోయారు. మెల్లగా, "బెల్లం ముందేసెత్తే గుమ్మడి బిగిసిపోతాదండీ. బాగా మగ్గినాక ఎయ్యాల. మా వదిన అలాగే సేత్తాది," అన్నాను.

నూకరత్నం పళ్లెం దింపి, "ఏం గొంతు బాబూ! నువ్వు బోటు మీదుంటే ఇంజను సప్పుడు ఇనిపించదు," అంది. మామ్మగారు గరిటె నా చేతికిచ్చింది. "అయితే నువ్వే సెయ్యి."

చేశాను. నీ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని చూసింది ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటూ చేశాను. నీళ్లు పొయ్యలేదు. మూత పెట్టి, తన నీళ్లలోనే మగ్గనిచ్చాను. మామ్మగారు పాలు పోద్దామంది, బెల్లం తగిలితే విరిగిపోతాయన్నాను. వేళ్లతో నొక్కితే మెత్తగా అయ్యాక అప్పుడు బెల్లం. ఇంక కుతకుతలాడి చేతుల మీద చింది నాలుగు బొబ్బలు. గంటసేపు తిప్పాను. రాత్రంతా నిద్ర లేదేమో, తిప్పుతూ తిప్పుతూ నిలబడే ఒక కునుకు తీశాను. అడుగంటిన వాసనకి మెలకువొచ్చింది. మరీ మాడలేదులే. నెయ్యి, యాలకుల పొడి వేసి దింపేశాను.

పైన మంచిది గిన్నెలో పెట్టి ఇస్తే ఆ పిల్ల, "అడుగుది పెట్టమ్మా," అంది. గీకి పెట్టారు. ఒక ముద్ద తింది. అందరం కక్కుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, అల్లుడైతే చెంబు పట్టుకుని రెడీగా నించున్నాడు. రెండో ముద్ద తింది. మూడోది కూడా తిని, "ఇంకొంచెం ఉన్నాదా?" అంది. మామ్మగారు కొంగుతో మొహం తుడుచుకుంటూ వెనక్కి తిరిగిపోయింది. అల్లుడు చెంబు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు, బొబ్బ మీదే.

ఆ రోజు నుంచి కుళాయి దగ్గర బిందెలు మెల్లగా దింపుతున్నారు. నూకరత్నం తమ్ముడూ అని పిలుస్తోంది. మొగుడు వేట నుంచి వచ్చిన రోజు చేపల పులుసు పంపింది. కానీ గది మాట మామ్మగారు ఎత్తలేదు. నేనూ అడగలేదు. హల్వా చేసిపెట్టి గది అడిగినట్టు ఉంటుందని రోషం. నోరు విప్పి అడిగితే పోయేది, నీకు తెలుసు కదా నా తిక్క. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఈరోజుతో నెల ఆఖరు. డ్యూటీ లేదు. పొద్దున్నే లేచి బట్టలు ట్రంకు పెట్టెలో సర్దాను. తాడు కడుతుంటే బయట మాటలు వినిపించాయి. ఎవరో మొగుడూ పెళ్లాం, చంటిపిల్ల. గది కోసం వచ్చారు. మామ్మగారికి కావలసిన సంసారమే.

"మూలగది ఖాళీ అవుతున్నాదని సెప్పినారండీ," అంటున్నాడతను.

"ఎవులు సెప్పినారు?" అంది మామ్మగారు. "ఖాళీ నేదు బాబూ. అందులో మా కుర్రోడున్నాడు."

తాడు చేతిలో పట్టుకుని మంచం మీద కూలబడ్డాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఏడ్చాను. మొహం కడుక్కుని, పెట్టె విప్పేసి, వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పెసర వడియాలు ఎవరైనా వస్తుంటే పంపు. ఆవకాయ అడుగు తగులుతోంది. వీలైతే పాదు మీదున్న ఇంకో కాయ కూడా పంపు, పురుడయ్యాక మామ్మగారి ఇంట్లో మళ్లీ పని పడేలా ఉంది. నా పెళ్లి మాట మాత్రం అన్నయ్య దగ్గర అప్పుడే ఎత్తకు, ఇక్కడ పెళ్లికాని మగాడి అవసరం చాలా ఉంది. పెద్దనాన్నకి, ఎదురింటి అత్తకి నా నమస్కారాలు చెప్పు. బుజ్జికి ముద్దులు. నీ కాళ్లకి దణ్ణం పెడుతున్నాను, నా నెత్తిన చెయ్యి వేసినట్టే అనుకుంటాను.

ఇట్లు,
మామ్మగారి మూలగది కుర్రోడు,
నీ మరిది
తవుడు.