వాని కంప్యూటర్లోనే కనపడే నా పేజీ

శుక్రవారం, పుత్తూరు

నేను చెప్తా ఉండా, కోడలు సుజాత రాస్తా ఉండాది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

మా ఎముకల కట్టు వైద్యానికి మరిది కొడుకు మురళి వెబ్‌సైటు చేసినాడు. ఇంట్లో మగోళ్ళకంతా తలా ఒక పేజీ పెట్టినాడు. మగోళ్ళు తాకితే ఒప్పని ఆడోళ్ళకు నలభై ఏండ్లుగా కట్లు కడతా ఉండేది నేను. "నా పేజీ యాడరా?" అని పట్టుబడితే ఈ పొద్దు తన కంప్యూటర్లో చూపించినాడు. నా ఫోటో, కింద నా పేరంట. "సూడు పెద్దమ్మా, ఎంత బాగుండావో!" అని ఒకటే నవ్వు.

ఆ నవ్వు నేను నమ్మలేదు. ఇంటికొచ్చి సుజాత ఫోనులో చూపించమన్నా. మగోళ్ళ పేజీలన్నీ ఉండాయి, నాది లేదు. వానికి ఫోను చేస్తే, "డ్రాఫ్టులో ఉండాది పెద్దమ్మా, పబ్లిష్ నొక్కాల" అన్నాడు. డ్రాఫ్టంటే వానికి తప్ప ఎవరికీ కనపడదని సుజాత చెప్పింది.

నొక్కేదానికి ఒక వేలు చాలు గదా! మరిది వద్దన్నాడో, వీడే దాచినాడో...

రేపు నేను కట్టు కట్టను. వచ్చిన ఆడోళ్ళనంతా తీసుకుపోయి మరిది ముందర కూర్చోబెడతా. పేజీ ఉండేవాళ్ళే కట్టనీ.