ఏడో బొమ్మ

ఫిబ్రవరి 3

నా పాలినామియల్లో ఒక కోఎఫిషియంట్ ఏడు. ఫార్ములా ప్రకారం ఏడే, సందేహం లేదు. కానీ ఏడు ఏమిటి? కుర్చీలా, మేకలా? గళ్లలో కొన్ని రూల్స్ ప్రకారం చుక్కలు పెట్టిన బొమ్మలని నా సిద్ధాంతం. కోడ్ రాసి వెతికిస్తే ఆరే దొరికాయి. ఏడోది పరారీలో ఉంది. ఇది అన్నిటికన్నా చిన్న కేసు. పెద్దవాటిలో ఇంకా ఎక్కువే తగ్గుతున్నాయి.

ఫిబ్రవరి 5

గైడుగారు పిలిచారు. నా పోస్ట్‌డాక్ ఉద్యోగం జూన్‌తో సరి. పొడిగించాలా వద్దా అన్నది శుక్రవారం నా సెమినార్ చూసి కమిటీ తేలుస్తుంది. ఈ బొమ్మలాట కట్టిపెట్టి, తన పాత థీరమ్‌నే కాస్త సాగదీసి చెప్పమన్నారు. ఎవరూ కాదనరట, ఎవరూ నిద్ర కూడా లేవరట.

భక్తిశ్రద్ధలతో తల ఊపాను. అడ్డంగా.

ఫిబ్రవరి 6, సాయంత్రం

అక్క ఫోన్. ఏం చేస్తున్నావురా అంది. లెక్కపెడుతున్నానన్నాను. ఎంతదాకా వచ్చావంది. ఆరన్నాను. ఇంత చదువూ చదివి ఆరు దగ్గర ఆగావని మీ బావకి తెలిస్తే నా పరువేం కానంది. జూన్ సంగతీ, గైడుగారి సలహా సంగతీ చెప్పాను. గొంతు తగ్గించి, ఆయన చెప్పినట్టు వింటే నీ సొమ్మేం పోయింది, రేపు ఏం తింటావురా అంది.

చుక్కలన్నాను. పెట్టేసింది.

ఫిబ్రవరి 8

దొరకలేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

బొమ్మలతోనే వెళ్లాను.

బోర్డు మీద రెండేసి గళ్లు మూడు వరుసలుగా ఏడు చట్రాలు గీసి, ఆరింటిలో చుక్కలు పెట్టాను. ఏడోది వదిలేసి, ఇది నాకు తెలియదని ఠీవిగా ప్రకటించాను. తెలియనిది బోర్డు మీదెందుకు బాబూ, చెరిపెయ్ అన్నారు కమిటీ చైర్మన్‌గారు. గైడుగారు తన బూట్లు చూసుకుంటున్నారు.

డస్టర్ ఎత్తాను. చెరిపేముందు అలవాటుకొద్దీ ఆ ఖాళీ చట్రానికీ నా రూల్స్ సరిచూశాను. ఒక అడ్డు వరుసలో రెండు చుక్కలుండకూడదు: లేవు. నిలువు వరుసలోనూ అంతే: లేవు. ఒక నిలువు వరుసలో చుక్కుంటే పక్కదానిలోనూ ఉండాలి: ఎక్కడా లేదు కాబట్టి గొడవే లేదు.

డస్టర్ దించేశాను. చెరపనండీ, ఇదే ఏడోదన్నాను.

ఖాళీ నిలువు వరుస కనిపిస్తే చెత్త కింద పారేయమని కోడ్‌లో రాసిన మహానుభావుణ్ణి నేనే. ఆ లైను అందరి ముందే కొట్టేసి మళ్లీ రన్ చేశాను. పెద్ద కేసులూ దారికొచ్చాయి. ఇది ప్రూఫ్ కాదు కదా అన్నారు చైర్మన్‌గారు. కాదని నాకూ తెలుసు, దానికే ఏడాది అడుగుతున్నానన్నాను.

ఫిబ్రవరి 16

ఇచ్చారు. గైడుగారే పట్టుబట్టారట. నాతో మాత్రం, పొగరు తగ్గించుకో అన్నారు.

అక్క ఎంతదాకా వచ్చావంది. ఏడన్నాను.

ఫిబ్రవరి 17

□ □
□ □
□ □