శ్రీకూర్మం దాకా ఖాళీ బండి

శ్రీకాకుళం,
17-11-1968.

పద్మకు,

చి.ల.సౌ. అని మొదలుపెట్టలేదని మళ్ళీ అలగకు. నీ సౌభాగ్యం నీ బుర్రలో ఉంది గాని నేను బతికి ఉండడంలో లేదని పెళ్ళయిన పందొమ్మిదేళ్ళుగా వాదిస్తూనే ఉన్నాను. ఇక్కడ నేనూ, మీ అమ్మా, చినబాబూ తిని తిరుగుతున్నాం. రాజమండ్రి ట్రైనింగు స్కూలు హాస్టల్లో నీకు కడుపునిండా పెడుతున్నారనీ, గోదావరి గాలికి పడిశం పట్టలేదనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నా దగ్గు తగ్గింది. చుట్టలు మానలేదు, తగ్గించాను. రోజుకి ఎన్ని అని మాత్రం అడగకు. పత్రిక కొత్త సంచిక అచ్చులో ఉంది. ఎవరితోనైనా పోట్లాడారా అని అడిగావు. ఎవరితో పోట్లాడలేదో అడిగి ఉంటే జవాబు చిన్నదయ్యేది.

ఒక్క సంగతి చెప్పాలి. మొన్న వీధి అరుగు మీద ఒకావిడ, "నలభై ఏళ్ళకి బెంచీ మీద కూసోని సదువేటి, ఇడ్డూరం కాపోతే?" అంది. మీ అమ్మ బియ్యం చెరుగుతూ చేట ఆపకుండానే, "నా కూతురు సదూతాది. నీకేటి నొప్పి?" అంది. గదిలో సంపాదకీయం రాసుకుంటున్న నాకు, మూడు పేజీలూ చించేసి ఆ ఒక్క మాటే అచ్చు వేద్దామనిపించింది. మీ అమ్మ పేరుకి కూర్మమ్మే గాని, మాటలో తాబేలు నిదానం ఏమీ లేదు.

మీ తమ్ముడు చినబాబు చెయ్యి గురించి ఎక్కువ అడిగావు. ఎడమ మణికట్టు ఎముక అతుక్కుంటోంది. ఇంకో మూడు వారాలు కట్టు ఉంచాలన్నారు. కుడిచేత్తో అన్నం తింటున్నాడు, ఎడమచెయ్యి చూపించి అమ్మ చేత పనులు చేయించుకుంటున్నాడు. పికప్పు బండి ముందుభాగం సొట్టపోయింది, ఇంజను బాగానే ఉంది. ఆరోజు రైలు గేటు దగ్గర ఎద్దుబండిని తప్పించబోయి పొలంలోకి తిప్పాడు కాబట్టి ఎవరి ప్రాణాలూ పోలేదు. వాడి చెయ్యి విరిగిందని ఏడ్చావు గాని, వాడి తెలివికి గర్వపడాలి.

ఇక అసిరయ్య. నీ ఉత్తరం చివర రాశావు: "ఆ మిస్త్రీ మన బండి ఒక్క నట్టు కూడా ముట్టుకోవడానికి వీల్లేదు. ఊరందరికీ చెప్పండి." పద్మా, నువ్వు రాయకముందే ఊరందరికీ చెప్పాను. ప్రమాదం జరిగిన సాయంత్రమే నూకయ్య టీకొట్టు దగ్గర నిలబడి, పనిలో నిర్లక్ష్యం మనుషుల్ని చంపుతుందని అరగంట ఉపన్యసించాను. నీకూ అదే రాశాను. నా ఉపన్యాసం బాగా పనిచేసింది. అసిరయ్య షెడ్డు ముందు ఇప్పుడు ఒక్క బండీ ఆగడం లేదు. ముప్పయ్యేళ్ళ పనివాడు స్పానర్లు తుడుచుకుంటూ కూర్చుంటున్నాడు.

ఆ బ్రేకుల పని మొదటి నుంచీ చెబుతాను, చదువు. బ్రేకు తొక్కితే బండి కీచుమంటోందని చినబాబు షెడ్డుకి తెచ్చాడు. అసిరయ్య చక్రాలు విప్పాడు. చక్రాల డ్రమ్ములకి ఒరుసుకుని బండిని ఆపే లైనింగు పట్టీలు రివిట్ల దాకా అరిగిపోయాయి. ఆ రివిట్లు ఒరుసుకుని డ్రమ్ముల లోపల గ్రామఫోను ప్లేటు మీదలా గీతలు పడ్డాయి.

"ఈటిని బ్రేకులనరు బావూ. దేవుడి మీద బారం అంతారు," అన్నాడు అసిరయ్య.

నేను పగలబడి నవ్వాను. బండి ముందు గుమ్మడికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, లైనింగు మాత్రం మార్చని దేశం మనది అని అప్పటికే సగం వ్యాసం మనసులో రాసేసుకున్నాను. విశాఖపట్నం నుంచి కొత్త డ్రమ్ములు వచ్చాయి. అసిరయ్య రెండు రోజులు కూర్చుని, వంపు ఇనప బద్దల్లాంటి బ్రేకు షూలకి కొత్త లైనింగులు వేసి రివిట్లు కొట్టాడు. ఆ పని నేను పక్కనుండి చూశాను. వంక పెట్టడానికి ఏమీ లేదు.

రెండో రోజు మధ్యాహ్నం చినబాబు గోగునార సరుకు మాట్లాడడానికి వెళ్ళాడు. షెడ్డులో నేనొక్కడినే ఉన్నాను. అసిరయ్య చేతులు కడుక్కుని భోజనానికి బయల్దేరుతూ నాతో అన్నాడు:

"సినబాబొస్తే సెప్పండి బావూ. ఇప్పుడే బరువెత్తొద్దు. ముందల ఖాళీ బండి శ్రీకూర్మం తోలుకెల్లి సామికి సూపించి తేవాల. తాబేలు నాగ మెల్లిగా ఎల్లాల. దారిలో పది కాడల బ్రేకు తొక్కి దండం ఎట్టుకోవాల. తిరిగొచ్చినాక నాను సక్రాలిప్పి సూస్తాను. లోడు ఆ తరవాతే."

నా సంగతి నీకు తెలుసు. "ఇనప డ్రమ్ముకీ కూర్మావతారానికీ ఏమిటయ్యా సంబంధం? పని చేసింది నువ్వా, దేవుడా?" అని లేచాను. అతను నవ్వి, "ఆకలేస్తన్నాది బావూ," అని వెళ్ళిపోయాడు.

కాసేపటికి చినబాబు వచ్చాడు. "మిస్త్రీ ఏటైనా సెప్పేడా బావా?"

"ఏమీ లేదు. బండి సిద్ధం. ఎక్కించు."

ఇదీ నేను చేసింది. ఒక మూఢనమ్మకాన్ని మింగేశాననుకున్నాను. ఆ సాయంత్రమే నిండు లోడుతో ఆమదాలవలస గూడ్సు షెడ్డుకి వెళుతూ, రైలు గేటు దగ్గర మీ తమ్ముడు బ్రేకు తొక్కితే పట్టలేదు.

రెండు రోజుల తరవాత నిలదీయడానికి అసిరయ్య దగ్గరికి వెళ్ళాను. అతను చక్రం విప్పి తీసిన షూ ఒకటి నా చేతిలో పెట్టాడు. కొత్త లైనింగు రెండు చోట్ల మాత్రం మాడి నల్లగా నిగనిగలాడుతోంది. మిగతాదంతా డ్రమ్ముకి తగలనే లేదు.

"కొత్త లైనింగు డ్రమ్ముకి మరగాల బావూ, కొత్త కోడలు ఇంటికి మరిగినట్టు. పదిసార్లు మెల్లిగా తొక్కితే ఒరిసి అంతా ఒక్కలాగ తగుల్తాది. శ్రీకూర్మం పోయొచ్చీసరికి సరిపోతాది."

"మరి ఆ మాటే చెప్పొచ్చు గదా! దేవుడెందుకు?"

"మెల్లిగా తోలండ్రా అని మిస్త్రీ సెప్తే ఏ డ్రైవరు ఇంటాడు? సామి పేరు సెప్తే ఇంటాడు. మా గురువు అలగే సెప్పేడు, నానూ అలగే సెప్తన్నాను." స్పానరు తుడుస్తూ అన్నాడు, "సినబాబు ఇన్నేడు కాదు. కుర్రోడు కదా. సెయ్యి ఇరిగినోడిని ఇంకేటంటాం?"

తన మాట చినబాబుకి చేరలేదని అతనికి తెలియదు. దెబ్బతిన్నవాడి మీద నేరం వేయడం ఇష్టంలేక ఊరి మాటలన్నీ పడుతున్నాడు. నేను ఆ షూ కింద పెట్టి, నోరు మూసుకుని ఇంటికొచ్చాను. తొమ్మిది రోజులు మూసుకునే ఉన్నాను. నీ ఉత్తరంలో నువ్వు అతన్ని తిట్టిన తిట్లు చదివాక ఆ మూత నిలవలేదు.

దేవుడికి లొంగిపోయానని సంబరపడకు. బ్రేకు పట్టించేది లైనింగే, కూర్మనాథుడు కాదు. పనివాడి జ్ఞానం పనివాడి పేరుతో చెల్లని దేశంలో, అది దేవుడి పేరు తగిలించుకుని బతుకుతోంది. నా కోపం ఆ దేశం మీద ఇంకా అలాగే ఉంది. కాని ఆ రోజు షెడ్డులో పనివాడి మాట చెల్లనివ్వనిది దేశం కాదు, నేను. శ్రామికుల కోసం పత్రిక నడిపేవాడిని.

నిన్న చినబాబుకి చెప్పాను. కట్టు ఉన్న చెయ్యి ఎత్తి నా ముందు పెట్టాడు. "నీ నాస్తికం నా సెయ్యి మీద ఎందుకు పరీచ్చ సేసేవు బావా? నీకూ రెండు సేతులున్నాయి కదా!" అన్నాడు. తరవాత అన్నం కలిపి నా ముందుకు తోశాడు. మీ అమ్మ మాత్రం నాతో మాట్లాడడం లేదు. మజ్జిగ పోస్తోంది, మాట్లాడడం లేదు.

ఇంతవరకూ రాసి, ఈ ఉత్తరం తీసుకెళ్ళి అసిరయ్యకి చదివి వినిపించాను. అంతా విన్నాడు. "పద్మప్పకి రాసేరు, మంచిదే. రాజమండ్రి నుంచి నా షెడ్డుకి బళ్ళు రావు కదా బావూ. ఎక్కడ సెప్పేరో అక్కడే సెప్పండి," అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా నూకయ్య కొట్టుకి వెళ్ళాను. పద్మా, మైకు లేకుండా వెయ్యిమందికి వినిపించేలా మాట్లాడే నేను, ఎనిమిది మంది డ్రైవర్ల ముందు మొదటి వాక్యమే మూడుసార్లు మొదలుపెట్టాను. చెప్పాను, ఏమీ దాచకుండా. నూకయ్య గ్లాసు కడుగుతూ, "ఎప్పుడూ ఎదటోల్ల మీదే మీటింగు ఎట్టీవోరు. ఇయాల సొంతానికి ఎట్టేరేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. ఒక లారీ డ్రైవరు మాత్రం నవ్వకుండా, అసిరయ్య షెడ్డు ఇంకా తెరిచి ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను.

నువ్వు దీనికి జవాబు నాకు రాయకు. అసిరయ్యకి రాయి. తిట్టదలుచుకుంటే నన్ను అందులోనే తిట్టు. అతని ముందు కూర్చుని చదువుతాను, ఈసారి ఒక్క మాటా మింగకుండా.

ఇట్లు,
చినబాబు చెయ్యి విరగ్గొట్టిన బావ, నీ పెనిమిటి,
నరసింగరావు