నీ పేరు మీద బావ గుండె

జహీరాబాద్,
18-11-2025.

చిరంజీవి జగదీశ్‌కు,

అక్క బస్వమ్మ ఆశీర్వదించి రాయునది. మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి. క్షేమంగా లేం కనుక ఆ మాట రాయను. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు, అందుకే కాగితం మీద తిడుతున్నాను.

స్కూల్ బస్సు డ్రైవర్లంతా గుండె పరీక్షల రిపోర్టు తేవాలని మీ ప్రిన్సిపాల్ అడిగితే, నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేసే నువ్వు మీ బావను దవాఖానకు పంపావు. అల్లం చేనులో పొద్దంతా కష్టపడే మనిషి గుండెకు ఏం ఢోకా ఉండదనుకున్నావు. ఆయన నీ పేరు రాయించి ఈసీజీ తీయించుకున్నాడు, నీ పేరుతోనే ఆ తిరిగే బెల్టు మీద నడిచాడు. రిపోర్టు మాత్రం నువ్వే వెళ్లి తెచ్చుకున్నావు.

నిన్న అల్లం బస్తా ఎత్తబోయి ఆయన ఒళ్లంతా చెమటలు పట్టి కూర్చుండిపోయాడు. అదే దవాఖానకు తీసుకెళ్లాను. ఈసీజీ తీసే అమ్మాయి ప్రియదర్శిని ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది.

“జగదీశ్ అన్నా, పోయిన నెలనే రాసిచ్చినం గద, గుండె డాక్టర్‌కు జల్ది చూపించుకొమ్మని. ఇంకా పోలేదా?”

ఆ రిపోర్టు బాగాలేదని నాకు అప్పుడు తెలిసింది. మరి బస్సు తాళాలు నీకెలా ఇచ్చారు? మీ క్లీనర్ రామ్‌కిషన్‌ను నిలదీశాను. రెండోసారి వేరే ల్యాబ్‌లో నీ పేరుతో తానే నడిచానని తల దించుకుని చెప్పాడు. అంటే మొదటి రిపోర్టులో ఏముందో నీకు తెలుసు. నెల రోజులుగా తెలుసు. ఆ మధ్యలో మా ఇంటికొచ్చి, జొన్నరొట్టె తిని, బావతో నవ్వుతూ మాట్లాడి వెళ్లావు. సిగ్గు లేదురా నీకు?

ఇద్దరి గుండెలు చూపించావు. నీ గుండె ఎలా ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దాంతోనే చిరాగ్‌పల్లి హైవే మీద నలభై మంది పిల్లల్ని తిప్పుతున్నావు. రేపు ప్రిన్సిపాల్‌కు నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

ఈ సాయంత్రం బావను హైదరాబాద్ తీసుకెళ్తున్నాం. యాంజియో చేస్తారట, పాత రిపోర్టు కూడా తెమ్మన్నారు. అది నీ దగ్గరుంది. ఈ ఉత్తరం రామ్‌కిషన్ చేతికే ఇచ్చి పంపుతున్నాను, అందగానే పట్టుకుని రా.

కోపంతో,
నీ అక్క
బస్వమ్మ

తా.క.: పైన ఒక మాట దాచాను. నువ్వు అడిగినప్పుడు బావ ఒప్పుకోలేదు. “పిల్లలను కూసోబెట్టుకొని నడిపే బండి అది. నాతోని కాదు బస్వమ్మా” అన్నాడు. నా తమ్ముడి నౌకరీ పోతే నీకు సంతోషమా అని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట కూడా అనలేదు.